నిప్పుల పొయ్యియు, ప్రభుత్వపు హెచ్చరికయు

యోహాను సువార్త కడపటి అధ్యాయమున, తిబెరియ సముద్రతీరమందు ప్రభువు నిప్పులను, వానిమీద చేపలను, రొట్టెను సిద్ధపరచి శిష్యులను భోజనమునకు పిలిచిన వృత్తాంతము మన విద్యార్థులందరు ఎరిగినదే. ఆరుబయట నిప్పు రాజవేసి, దానిచుట్టు చేరి, కాల్చిన ఆహారమును పదిమందితో పంచుకొని తినుట మనుష్యులకు అనాదినుండియు ప్రీతికరమైన పని. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ అలవాటు మిక్కుటముగా కలదు. వేసవి వచ్చినతోడనే, ముఖ్యముగా వారి స్వాతంత్ర్యదినమగు జూలై 4వ తేదీన, ఇంటి పెరటిలో ఇనుప కమ్మీల పొయ్యి నుంచి మాంసమును కాల్చుకొనుట వారికొక వేడుక. ఆ పొయ్యిని గ్రిల్లు అందురు. మన ప్రాంతములనుండి వెళ్లి ఆ దేశమున కాపురమున్న తెలుగు కుటుంబములును అనేకము కలవు. కావున ఈ విషయమున అచ్చటి ప్రభుత్వము చేయుచున్న కృషిని, దానినుండి మనము నేర్వవలసిన పాఠమును ఇచ్చట వివరింప తలచితిమి.

ఈ పొయ్యివలన కలుగు అపాయములు మూడు విధములు: ఇండ్లు అంటుకొనుట, సరిగా ఉడకని మాంసమువలన రోగములు కలుగుట, బొగ్గులనుండి పుట్టు విషవాయువు. ప్రజలు కొని వాడుకొను వస్తువులవలని ప్రమాదములను తగ్గించుటకై 1972వ సంవత్సరపు చట్టముచే అచ్చట వినియోగవస్తు భద్రతా సంఘము స్థాపింపబడినది. ఈ సంఘమును, అగ్నిమాపక శాఖయు, వ్యవసాయశాఖయు ఏటేట వేసవి ఆరంభమున ప్రజలకు బోధచేయుచుండును.

మొదట అగ్నిభయమును చూతము. గ్రిల్లును ఇంటికి కనీసము 10 అడుగుల దూరమున ఉంచవలెననియు, వసారాలోగాని, చూరుక్రిందగాని, బండ్లు నిలుపు కొట్టములోగాని వెలిగింపరాదనియు, మండుచున్నంతసేపు దానిని విడిచి పోరాదనియు వారు చెప్పుదురు. గ్యాసుతో మండు గ్రిల్లును మూత తెరచియే వెలిగింపవలెను. లేనిచో లోపల నిండిన గ్యాసు ఒక్కమారుగా భగ్గున మండును. గొట్టము కారుచున్నదో లేదో సబ్బునీరు పూసి చూడవలెను. బుడగలు లేచినయెడల గ్యాసు కారుచున్నదని గ్రహింపవలెను. ఇట్టి బోధతోనే వారు ఊరకుండలేదు. 1995వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీ తరువాత తయారైన గ్యాసు గ్రిల్లులకు, గొట్టము తెగినప్పుడు గ్యాసు ప్రవాహమును అరికట్టు సాధనమును, బిగింపు సరిగా లేనప్పుడు గ్యాసును రానీయని ఏర్పాటును ఉండవలెనని నియమము ఏర్పడినది. మనుష్యుడు మరచిపోవచ్చును, యంత్రమునందలి ఏర్పాటు మరువదు గదా.

ఇక ఆహార విషయము. పైన నల్లగా కాలిన మాంసము లోపల పచ్చిగా ఉండవచ్చును. కావున రంగును చూచి నమ్మక, ఉష్ణమాపకమును మాంసములోనికి గ్రుచ్చి చూడుమని వ్యవసాయశాఖ బోధించుచున్నది. కోడిమాంసము లోపల 165 ఫారన్‌హైట్ డిగ్రీలు, కైమా చేసిన గొడ్డుమాంసము 160 డిగ్రీలు వేడెక్కవలెను. ముక్కలుగా కాల్చు గొడ్డుమాంసమునకు 145 డిగ్రీలు చాలును; కాని దింపిన పిమ్మట 3 నిమిషములు ఆగి తినవలెను. పచ్చిమాంసము పెట్టిన పళ్లెములో, కడుగక, కాల్చినదానిని పెట్టరాదు. వండిన ఆహారము బయట 2 గంటలకంటె ఎక్కువ ఉండరాదు; ఎండ 90 డిగ్రీలు దాటిన దినమున ఒక గంటయే మేర. మన ప్రాంతమున ఎన్నో మాసములు ఎండ 90 డిగ్రీలు దాటుచుండును. కావున వనభోజనములకు పోవు మన బాలబాలికలకును, వంట చూచుకొను తల్లులకును ఈ నియమము మిక్కిలి ఉపయుక్తము.

మూడవ అపాయము కంటికి కనబడనిది. బొగ్గులు మండునప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తమునందలి హీమోగ్లోబినును ప్రాణవాయువుకంటె 200 రెట్లు అధికమైన పట్టుతో అంటిపెట్టుకొనును; అందువలన శరీరమునకు ప్రాణవాయువు అందదు. మొదట తలనొప్పి, కడుపులో త్రిప్పుట, మగత కలుగును. నిద్రించువాడు మరల లేవకపోవచ్చును. మన ఇండ్లలో చలికాలమున గది తలుపులు మూసికొని బొగ్గుల కుంపటి పెట్టుకొని పరుండుటయందు గల ప్రమాదమును ఇదియే.

పూర్వము ఆ దేశమున బొగ్గుల సంచులమీద మాటలతో మాత్రమే ఒక హెచ్చరిక ముద్రింపబడుచుండెడిది. గాలి వచ్చు ఏర్పాటున్నచో ఇంటిలోను కాల్చవచ్చునని జనులు తలచుటకు అది ఎడమిచ్చెను. కిటికీ తెరచినంతమాత్రమున ఈ వాయువునుండి రక్షణ కలుగదు. అందుచేత ప్రభుత్వమువారు నియమమును మార్చి, 1997వ సంవత్సరము నవంబరు 3వ తేదీ తరువాత అమ్మకమునకు పంపబడు ప్రతి బొగ్గుల సంచిమీదను, ఇంటిలోను, బండిలోను, గుడారములోను బొగ్గులు ఎన్నడును కాల్చరాదను స్పష్టమైన మాటలతోపాటు బొమ్మలుకూడ ఉండవలెనని విధించిరి. అక్షరములు రానివాడును బొమ్మను చూచి గ్రహించునని వారి తలంపు.

అయినను 2006వ సంవత్సరము డిసెంబరు 14, 15 తేదీలలో వాషింగ్టన్ రాష్ట్రమున గొప్ప గాలివాన వీచి, లక్షలకొలది ఇండ్లకు విద్యుత్తు లేకపోయెను. చలికి తాళలేక సియాటిల్ పరిసరములలో పలువురు బొగ్గుల గ్రిల్లులను ఇంటిలోనికి తెచ్చి వెలిగించిరి. వందలకొలది జనులు విషవాయువు పాలైరి. కొందరు ప్రాణములు కోల్పోయిరి. బాధితులలో అనేకులు ఇతర దేశములనుండి వచ్చి, ఆంగ్లము బాగుగ ఎరుగని కుటుంబములవారు. తమ పిల్లలు చలికి వణకుచుండగా చూడలేకయే వారు ఆ పని చేసిరి. అప్పుడు అధికారులు పలు భాషలలో హెచ్చరికలు పంచిరి. ఆ నగరపు ఒక దినపత్రిక మొదటి పుటలోనే వివిధ భాషలలో ఆ హెచ్చరికను ముద్రించెను.

ప్రియ విద్యార్థులారా, ఇందు మనకు గల పాఠమేమి? ప్రభుత్వము నియమములు చేయవచ్చును, సంచిమీద అచ్చు వేయింపవచ్చును. కాని ఆ మాట గ్రహింపవలసినవాని చెవికి అతని భాషలో చేరువరకు ఆ హెచ్చరిక నిష్ప్రయోజనము. దానిని చేర్చు బాధ్యత అధికారులదే కాదు, చదువు నేర్చిన ప్రతివానిది. మన ఇండ్లలోను గ్యాసు సిలిండరుమీద, పురుగుల మందు డబ్బామీద, ఔషధపు సీసామీద చిన్న అక్షరములు కలవు. వానిని చదువలేని అవ్వయో, తాతయో, పొరుగింటి అమ్మయో మీ దగ్గరనే ఉన్నారు. ఈ సెలవులలో వారియొద్ద కూర్చుండి ఆ మాటలను చదివి, తెలుగున అర్థము చెప్పుడి. కుంపటిని తలుపులు మూసిన గదిలో ఉంచరాదని చెప్పుడి. ఖడ్గము వచ్చుట చూచియు బూర ఊదని కావలివాడు దోషి యగునని యెహెజ్కేలు గ్రంథమున మీరు చదివియున్నారు. చదువు వచ్చినవాడు రానివానికి కావలివాడు. పరీక్షలో మీకు వచ్చిన మార్కులకంటె, మీరు చదివి చెప్పిన ఒక్క మాటచే ఒక ప్రాణము నిలిచినయెడల అదియే మా బోధకు ఫలమని మేము సంతోషింతుము.