బిడ్డలకు నేర్పవలసిన నాలుగు మాటలు

మన యిండ్లలో మూడేండ్ల బిడ్డయు బొమ్మల పుస్తకము తెఱచి, దుప్పిని జూపి ‘దుప్పి’ యనును. నెమలిని జూపి ‘నెమలి’ యనును. తల్లి మురిసిపోవును. అయితే, ఆ దుప్పి యేమి తినును, ఎచ్చట నీరు త్రాగును, కుక్కలు తఱిమిన నెచ్చట దాగును అని యడిగినచో, బిడ్డ మాట యటుండగా తల్లియే తడబడును. పేరు తెలిసినంతమాత్రమున ప్రాణి తెలిసినట్లు కాదు. ఈ కొఱతను దీర్చుట పాఠశాలలో కంటె నింటనే సులభమని మా యభిప్రాయము.

హైదరాబాదునకు పడమటనున్న నల్లగండ్లలో నివసించు తల్లుల కీ పని మఱింత సులువు. అచ్చట మేడలు మింటి నంటుచున్నను, చెంతనే 1974లో స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయపు విశాలమైన యావరణము కలదు. అందు బండరాళ్లు, తుప్పలు, చెఱువులు. వాని నడుమ చుక్కల దుప్పులు, నెమళ్లు, నక్షత్ర తాబేళ్లు కలవు. వీనినే యుదాహరణములుగా జేసికొని మేత, నీరు, మాటు, చోటు అను నాలుగు మాటలను బిడ్డలచే వ్రేళ్లమీద లెక్కింపజేయవచ్చును.

మొదటిది మేత. దుప్పి గడ్డియు, రాలిన యాకులును, కాయలును తినును. మనము జాలిపడి విసరు రొట్టెముక్క దానికి మేత కాదు. పైగా నది మనుష్యులయెడ బెదురు పోగొట్టుకొని వీథులకు వచ్చి, కుక్కల వాత బడును.

రెండవది నీరు. వేసవిలో దుప్పులకు చెఱువే యాధారము. కాని యే ప్రాణికి నీరెంత కావలయునో తెలియవలెను. తాబేళ్లన్నియు నీటిలో నుండునని మనము తలంతుము. నక్షత్ర తాబేలు మెట్టప్రాణి; పిల్లలు దానిని దెచ్చి నీటితొట్టిలో విడిచినచో మునిగి చచ్చును. ఇంట తాబేలున్న కలిసివచ్చునని దానిని దాచుకొనువారును గలరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకార మది నేరము.

మూడవది మాటు. నెమలి రాత్రి యెత్తైన చెట్టుమీద నిద్రించును గాని, గ్రుడ్లు మాత్రము తుప్పల మాటున నేలమీదనే పెట్టును. దుప్పి తన పసికూనను గడ్డిలో దాచి మేతకు బోవును. అట్టి కూనను దిక్కులేనిదని యెత్తుకొనివచ్చుట తల్లిని బిడ్డను విడదీయుటయే. విజయదశమినాడు మనము దర్శించు పాలపిట్ట తెలంగాణ రాష్ట్రపక్షి. అది చెట్టుతొఱ్ఱలలో గ్రుడ్లు పెట్టును. ఎండినచెట్టు గదా యని కొట్టివేసినచో దాని పురిటిగది పోయినట్లే. పట్టి తెచ్చి పంజరమున జూపు పిట్టకు మ్రొక్కక, బిడ్డలకు చెట్టుమీది పిట్టనే చూపుడు.

నాలుగవది చోటు. దీనిని బోధించుట కష్టము. ఏలన, పెద్దలమైన మనమే తుప్పలున్న నేలను జూచి ‘ఖాళీ స్థల’ మందుము. 2025 మార్చి నెలాఖరున విశ్వవిద్యాలయమును జేరియున్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరములలో యంత్రములతో చెట్లను గూల్చిరి. విద్యార్థులు అడ్డుపడిరి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనిని నిలిపివేసినది. అప్పటికే సుమారు 100 ఎకరములు చదునైనవి. భూమి యెవరిదను వివాదమును న్యాయస్థానములు తేల్చును. అందు బ్రదుకు ప్రాణులు ఎచ్చటికి బోవలయునను ప్రశ్న మాత్రము మన బిడ్డలకును అర్థమగును.

దానికొక యాట చెప్పెదము. నేలపై సుద్దతో పెద్ద గుండ్రము గీసి, అందు ఆఱు చింతగింజలు, ఆఱు గవ్వలు, ఆఱు ఆకులు సమముగా పఱువుడు. గింజ మేత, గవ్వ నీరు, ఆకు మాటు. ఆఱుగురు పిల్లలు ఆఱు దుప్పులు. మూడింటిలో నొక్కొక్కటి దొరికినవారు బ్రదికినట్లు. మొదటి యాటలో నందఱును బ్రదుకుదురు. పిదప గుండ్రములో సగము తుడిచివేసి, అచ్చటి వస్తువులను దీసి మరల నాడింపుడు. ముగ్గురికి మించి మిగులరు.

అప్పుడు బిడ్డ తప్పక యడుగును: “అమ్మా, దుప్పిని ఎవరూ చంపలేదు గదా, ఎందుకు చచ్చిపోయింది?” వెంటనే జవాబు చెప్పక, తుడిచివేసిన సగమును వ్రేలితో జూపి యూరకుండుడు. బిడ్డయే చెప్పును. ఈ యాదివారమే సోదరీమణు లీ యాట నాడించి చూడగోరెదము.