పిల్లికి ఫిట్స్ వస్తే... ముందు గడియారం చూడండి!

మనుషులకే కాదు, పిల్లులకూ ఫిట్స్ వస్తాయంటే చాలామంది నమ్మరు. హాయిగా పడుకున్న పిల్లి ఉన్నట్టుండి బిర్రబిగుసుకుపోతుంది. కాళ్లు కొట్టుకుంటుంది. నోట్లోంచి చొంగ కారుతుంది, తెలియకుండానే మూత్రం పోతుంది. చూసేవాళ్లకి కాళ్లూ చేతులూ ఆడవు. ఒకరు తాళాలు తెమ్మంటారు, ఇంకొకరు ఉల్లిపాయ వాసన చూపించమంటారు.

ఇవేవీ వద్దు. ముందు టైము చూసుకోండి. చాలావరకు ఫిట్స్ ఒకటి రెండు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. మంచం మీదో, మెట్ల అంచునో ఉంటే కింద పడకుండా చూడండి. టీవీ కట్టేసి, లైటు ఆర్పేసి, పిల్లల్ని దూరంగా పంపండి. నాలుక మింగేస్తుందేమోనని నోట్లో వేలు పెట్టకండి. అది నాలుక మింగదు గానీ, స్పృహ లేక మీ వేలు కొరికేస్తుంది. నీళ్లూ పాలూ పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

ఫిట్ అయిదు నిమిషాలు దాటినా, 24 గంటల్లో మళ్లీ వచ్చినా, మధ్యలో తెలివి రాకపోయినా అర్ధరాత్రయినా సరే డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే. 'తెల్లారనీ, చూద్దాంలే' అనుకుంటే మెదడు దెబ్బతింటుంది, ప్రాణమే పోవచ్చు. మొదటిసారి వచ్చి తగ్గిపోయినా ఒకటి రెండు రోజుల్లో చూపించండి. ఫోనులో వీడియో తీసి ఉంచితే డాక్టరుకి జబ్బు పోల్చుకోవడం తేలికవుతుంది.

ఇంట్లో కుక్క కూడా ఉందా? గోమార్లు పోవడానికి దానికి వేసే మందుల్లో కొన్నింట్లో పెర్మెత్రిన్ ఉంటుంది. కుక్కకి పడేదే కదా అని మిగిలిన రెండు చుక్కలు పిల్లికి వేస్తే అది విషమే. ఎలకల మందు తిన్నా ఫిట్స్ రావచ్చు. ఇలాంటి అనుమానముంటే అయిదు నిమిషాలు ఆగకండి. మందు డబ్బా కూడా పట్టుకుని వెంటనే బయల్దేరండి.

టీకా వేయించని పిల్లి ఉన్నట్టుండి తిక్కగా మీద పడి కరుస్తూ, ఫిట్స్ కూడా వస్తుంటే రేబిస్ కావచ్చు. ఒట్టి చేతులతో పట్టుకోకండి. కరిస్తే, రక్కితే, సబ్బుతో ధారగా నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

డాక్టరు రోజూ వేయమన్న మాత్రలు 'బాగానే ఉందిగా' అని హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ తిరగబెడతాయి. మన మాత్రలు అసలే వేయకండి. పారాసెటమాల్ ఒక్క బిళ్ల చాలు, పిల్లి ప్రాణం తీయడానికి.

రాత్రిపూట చూసే పశువుల డాక్టరెవరో ఈరోజే కనుక్కోండి. ఆ నంబరు గ్యాసు నంబరు పక్కనే రాసి పెట్టుకోండి.