నెలసరి గుడ్డకు ఎండ కావాలి

నెలసరి గుడ్డ గురించి మన సంచికలో రాయడమేమిటని కొందరు అనుకోవచ్చు. హాస్టల్ చెల్లెళ్ళ కోసం రాయక తప్పదు.

అంగడి ప్యాడ్‌లో పైపొర, అడుగుపొర ఎక్కువగా ప్లాస్టిక్కే. పారేస్తే మట్టిలో కలవదు, మరుగుదొడ్డిలో వేస్తే గొట్టం పూడిపోతుంది. అందుకే ఆరోవిల్‌లో 2010లో మొదలైన ఎకోఫెమ్ సంస్థ ఉతికి మళ్ళీ వాడే నూలు ప్యాడ్లు పల్లె మహిళలతో కుట్టిస్తోంది. మన అమ్మలు వాడిన పాత చీరగుడ్డా ఇలాంటిదే.

అయితే గుడ్డ నూలుదై ఉండాలి. పాలియెస్టర్ చీర ముక్క తడి సరిగా పీల్చదు. నాలుగైదు గంటలకోసారి మార్చాలి. ముందు చన్నీళ్ళలో నానబెట్టాలి. వేడినీళ్ళు పోస్తే రక్తంలోని మాంసకృత్తులు గడ్డకట్టి మరక పట్టేస్తుంది. తర్వాత సబ్బుతో ఉతికి, ఎండలో ఆరేయాలి.

చిక్కంతా ఇక్కడే. సిగ్గుపడి మంచం కింద, లంగాల చాటున ఆరేస్తాం. సగం తడి గుడ్డలో సూక్ష్మజీవులు పెరిగి దురద, చీము పట్టుకుంటాయి. నింద మాత్రం గుడ్డ మీద!

తనకల్లు లాంటి కరువు నేలలో ఉతకడానికి నీళ్ళేవని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నీళ్ళు రాని రోజుల్లో అంగడి ప్యాడే మేలని నా అభిప్రాయం. ఎండకు మాత్రం మనకు కరువు లేదు. హాస్టల్ మిద్దె మీద ఒక తీగ, చుట్టూ పాత దుప్పటి తెర కట్టుకుంటే చాలు. పైన మాత్రం కప్పకూడదు.