తాతగారి మంచము ప్రక్క మనుమడు

విజయవాడ నుండి ఏలూరు పోవు రహదారిని నూజివీడు, గుడివాడ దారులు కలియు చోటు హనుమాన్ జంక్షన్. ఈ ప్రాంతమున తల్లిదండ్రులు ఉద్యోగార్థమై దూరదేశములకు పోగా తాతయ్య, అమ్మమ్మల చెంత పెరుగు పిల్లలు గల ఇండ్లు పెక్కు. అట్టి యింట తాతగారు మంచము పట్టినపుడు, పదునైదేండ్ల మనుమడు చదువు మాని, మాట తగ్గించి, గది తలుపు వేసికొనును. పెద్దలు దానిని పొగరనుకొందురు. పెక్కుసారులు అది భయము.

వీరిద్దరికిని ఒక పోలిక కలదు. దినమంతయు ఇతరుల ఆజ్ఞలు వినువారే ఇద్దరును. పైగా తాతగారు మార్కులడుగరు. అది చిన్న సంగతి కాదు. ఆయనకు వచ్చినది ఆల్జైమర్స్ వంటి మతిమరపు వ్యాధియైనచో, అది మొదట క్రొత్త జ్ఞాపకములనే హరించును. ఉదయము తిన్నది మరచిన వృద్ధుడు 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను గూర్చి గంటసేపు చెప్పవచ్చును. అడుగువారు కావలెను. ఆ పనిని బాలునికి అప్పగింపుడు. మందుల లెక్క మాత్రము పెద్దల చేతనే యుండవలెను.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము మనుమలను గూడ బాధ్యులను చేసినది, మైనర్లను మినహాయించినది. కనుక ఈ బాలుడు చేయు సేవ కోరి చేయునదే. దానిని శిక్షగా విధింపరాదని మా అభిప్రాయము.

బాలునికి నిద్ర పట్టకున్నను, బ్రతుకుపై విసుగు మాటలు వినవచ్చినను ఆలస్యము చేయక 14416 సంఖ్యకు ఫోను చేయుడు. 2022లో ఆరంభమైన టెలి మానస్ సేవ అది. రేయింబవళ్లు ఉచితముగా, తెలుగున మాటలాడుదురు.