పగటి నెత్తుట్లో దొరకని పురుగు

రాజోలు దగ్గరి పల్లె కుర్రాడు. ఫర్వానియాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. నెలరోజులుగా నీరసంగా ఉంటోందని మా క్లినిక్‌కి వస్తే డాక్టరు సీబీసీ, అంటే రక్తకణాల లెక్క, రాశారు. ఊదారంగు మూత గొట్టంలోకి రెండు మిల్లీలీటర్ల నెత్తురు తీసి మిషన్లో పెట్టాను. హిమోగ్లోబిన్ 14, ప్లేట్‌లెట్లు రెండు లక్షల పైనే. అన్నీ బాగున్నాయి, ఒక్క ఇసినోఫిల్స్ తప్ప. తెల్లకణాల్లో అవి 17 శాతం ఉన్నాయి. మామూలుగా ఆరు దాటవు.

ఈ మిషను కణాల్ని ఎలా లెక్కపెడుతుందో చెబుతాను. వాలెస్ కౌల్టర్ అనే అమెరికన్ 1953లో పేటెంటు పొందిన ఉపాయమే ఇప్పటికీ చాలా మిషన్లకు ఆధారం. పలచబరచిన నెత్తురును సన్నని రంధ్రం గుండా లాగుతారు. రంధ్రానికి ఇటూ అటూ కరెంటు పారుతుంటుంది. కణం దూరిన ప్రతిసారీ ఆ కరెంటుకు అడ్డు తగులుతుంది. ఎన్ని అడ్డులైతే అన్ని కణాలు. అడ్డు ఎంత పెద్దదైతే కణం అంత పెద్దది. ఆరోగ్యంగా ఉన్న మగవాడికి ఒక్క మైక్రోలీటరులో, అంటే చుక్కలో యాభయ్యో వంతులో, సుమారు 50 లక్షల ఎర్రకణాలుంటాయి. సైజు కూడా తెలిసిపోతుంది కాబట్టి రక్తహీనత ఏ రకమో ఆ కాగితమే సగం చెప్పేస్తుంది. ఇనుము చాలకపోతే కణాలు చిన్నవవుతాయి, ఫోలిక్ యాసిడ్ చాలకపోతే పెద్దవవుతాయి.

అయితే అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. నమూనా ఏ వేళ తీశారో కూడా చూడాలి. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జులై 21న 53.9 డిగ్రీల ఎండ నమోదైంది. అలాంటి రోజుల్లో పనిచేసి వచ్చిన మేస్త్రికి హిమోగ్లోబిన్ 17 కనిపిస్తే బలం పట్టిందని సంబరపడకూడదు. ఒంట్లో నీరు తగ్గి నెత్తురు చిక్కబడి ఉంటుంది. నీళ్ళు బాగా తాగించి మళ్ళీ తీస్తే అంకె దిగుతుంది.

మూత్రం సంగతీ ఇంతే. మూత్రనాళ ఇన్ఫెక్షన్‌కి ఎక్కువగా కారణమయ్యే ఈ-కొలై సూక్ష్మజీవి అనుకూలమైన వేడిలో ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. గంటకు ఎనిమిది రెట్లు, రెండు గంటలకు అరవై నాలుగు రెట్లు. ఇంటి దగ్గర సీసాలో పట్టి, టాక్సీ దొరికేదాకా సంచిలో పెట్టుకుని తెస్తే, అసలు జబ్బే లేనివాళ్ళ కల్చర్ ప్లేటు మీద కూడా మర్నాటికి చుక్కలు చుక్కలుగా పెరిగిపోయి ఉంటాయి. అందుకే ల్యాబులోనే పట్టి ఇమ్మంటాం. మొదటి ధార వదిలి మధ్యలోది పట్టాలి, అది కూడా యాంటీబయాటిక్ మింగకముందే పట్టాలి. ఇది వినడానికి ఆడవాళ్ళు సిగ్గుపడతారు. అయినా చెప్పి తీరాలి.

మళ్ళీ కుర్రాడి దగ్గరికి వస్తాను. ఇసినోఫిల్స్ అలర్జీకి పెరుగుతాయి, కడుపులో నులిపురుగులున్నా పెరుగుతాయి. కోనసీమ వాడు కాబట్టి నాకు బోదకాలు కూడా తోచింది. గల్ఫ్ మెడికల్ ఫారంలో మలేరియా పక్కనే మైక్రోఫైలేరియా అనే వరస ఉంటుంది. చదివినవాళ్ళు తక్కువ. బోదకాలు పురుగు పిల్లకు ఆ పేరు. తల్లిపురుగులు శోషరస నాళాల్లో కాపురముంటాయి. పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల నెత్తురు నాళాల్లో దాక్కుని, రాత్రి పది నుంచి రెండు గంటల మధ్య ఒళ్ళంతా తిరుగుతాయి. వాటిని మోసే క్యూలెక్స్ దోమ కుట్టే వేళ కూడా అదే. పగలు పది గంటలకు తీసిన చుక్కలో ఒక్కటీ కనిపించకపోవచ్చు.

ఈ పురుగు దోమలో పెరుగుతుందని 1877లో చైనాలోని అమోయ్‌లో పాట్రిక్ మాన్సన్ కనిపెట్టాడు. ఆయన ప్రోత్సాహంతోనే రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో మలేరియా క్రిమిని దోమ పొట్టలో చూశాడు. 1881లో స్టీఫెన్ మెకెంజీ లండన్‌లో ఒక రోగిని పగలు పడుకోబెట్టి రాత్రి మేలుకోనిస్తే, కొన్నాళ్ళకు పురుగులు కూడా వేళ మార్చుకుని పగలు బయటికొచ్చాయి. అంటే వాటికి గడియారం మన నిద్రే. నైట్ డ్యూటీ సెక్యూరిటీ గార్డు వస్తే ముందు ఏ పూట పడుకుంటాడో అడగాలి.

ఏ వేళ తీసిన నెత్తురులోనైనా పురుగు జాడ పట్టే యాంటిజెన్ కార్డులు ఇప్పుడున్నాయి. పాత ఉపాయం ఇంకోటి ఉంది: బోదకాలుకిచ్చే డీఈసీ మాత్ర కొద్ది మోతాదులో వేస్తే, ముప్పావుగంటలో పురుగులు పగలే నెత్తుట్లోకి వచ్చేస్తాయి. ఆ మందు 1947లో అమెరికాలోని లెడర్లీ సంస్థలో యల్లాప్రగడ సుబ్బారావు బృందం చేతుల మీదుగా వెలుగులోకి వచ్చింది. భీమవరంలో పుట్టిన మనిషి. ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసిందీ ఆయన బృందమే. నేను రోజూ రాసే రిపోర్టులో ఎర్రకణం సైజు దగ్గరా, పురుగు దగ్గరా ఆయన పని ఉంది. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

మా దగ్గర కార్డు లేదు. డాక్టరుగారిని అడిగి, "రాత్రి డ్యూటీ అయ్యాక రా తమ్ముడూ" అన్నాను. పదిన్నరకు వచ్చాడు. వేలికి పొడిచి ఒక చుక్కను స్లైడు మీద పెట్టి, పైన పలచని గాజు కప్పి, మైక్రోస్కోపు కింద చిన్న పవర్‌లో చూశాను. ఎర్రకణాలు గులకరాళ్ళలా పరుచుకుని ఉన్నాయి. ఒక మూల అవి ఉన్నట్టుండి కదిలి పక్కకు తప్పుకున్నాయి. వాటి మధ్య నుంచి గాజుపోగులాంటిది మెలికలు తిరుగుతూ వెళ్ళింది. ఎర్రకణం వెడల్పు ఏడెనిమిది మైక్రాన్లయితే దీని పొడవు రెండువందల యాభై దాటుతుంది. జాతి తేల్చడానికి ఇంకో చుక్కను మందంగా పూసి ఆరబెట్టాను, మర్నాడు రంగు వేసి చూడాలి.

కుర్రాడిని కూడా చూడమన్నాను. ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

"మా ఊళ్ళో ఏటా ఆశా అక్క వచ్చి మాత్రలిచ్చేది అన్నా. జబ్బేం లేదు కదా అని అమ్మ తీసుకుని దేవుడి గూట్లో పెట్టేసేది."

"ఇంకా ఉన్నాయా?"

"ఉండే ఉంటాయి," అన్నాడు, కన్ను తీయకుండానే.