మీకు తెలుసా? జింకల కోసమూ పంట వేస్తారు!

అమెరికాలో సొంత భూమి ఉన్న చాలామంది, ముఖ్యంగా వేటగాళ్లు, అడవి అంచున కొంత నేలను తెల్లతోక జింకల మేత కోసమే సాగు చేస్తారు. వీటిని ఫుడ్ ప్లాట్లు అంటారు.

విత్తనం కొనేముందు మట్టి పరీక్ష చేయించడం తప్పనిసరి. నేల బాగా ఆమ్లంగా ఉంటే సున్నం వేయనిదే క్లోవర్ అనే మేత మొక్క ఎదగదు. ఎక్కువమంది ఎంచుకునేది తెల్ల క్లోవర్‌నే. మాంసకృత్తులు దండిగా ఉంటాయి, ఒకసారి నాటుకుంటే కొన్నేళ్లు నిలుస్తుంది, వేరుబుడిపెల్లోని బ్యాక్టీరియా నత్రజనిని కూడా సమకూరుస్తుంది. విత్తనం మాత్రం చాలా చిన్నది, అర సెంటీమీటరు మించి లోతుకు పోతే మొలక పైకి రావడం కష్టం. అందుకే శీతాకాలం చివర్లో దున్నకుండానే చల్లేస్తారు. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే నేల సన్నగా నెర్రెలిస్తుంది, విత్తనం ఆ నెర్రెల్లోకి జారుతుంది. నాకైతే ఈ సాగులో అన్నిటికన్నా అందమైన ఒడుపు ఇదే.

ఈ ప్లాట్లలో వేసే ముల్లంగి, టర్నిప్ ఆకులను జింకలు చాలాచోట్ల మొదట్లో పెద్దగా పట్టించుకోవు. గట్టి మంచు పడ్డాక ఆకుల్లో చక్కెర పెరుగుతుంది, అప్పుడు ఎగబడతాయి.

నడి చలికాలంలో జాలిపడి మొక్కజొన్న కుప్ప పోయడం మాత్రం ప్రమాదం. పుల్లలూ చిగుళ్లూ మేస్తున్న జింక ఒక్కసారిగా గింజలు తింటే కడుపులో ఆమ్లం పెరిగి చనిపోవచ్చు.

ప్లాట్‌లో మేసింది ఎవరో కొరికిన తీరు చూసి చెప్పొచ్చు. జింకకు పైదవడ ముందుపళ్లు ఉండవు కాబట్టి కాడ చివర చిరిగినట్టు ఉంటుంది. కుందేలు కొరికితే కత్తితో ఏటవాలుగా కోసినట్టే.