ఆశ్రయం పొందిన పందులు: చిన్న కమతంలో పోషణ

2012లో కెనడాలోని ఒంటారియోలో ఇద్దరు వ్యక్తులు ఒక పందిపిల్లను తెచ్చుకుని ఎస్తేర్ అని పేరు పెట్టారు. అది 'మినీ' రకమని, పెద్దగా ఎదగదని ఇచ్చినవారు చెప్పారు. తీరా చూస్తే అది మాంసం కోసం పెంచే మామూలు పంది. బరువు దాదాపు 300 కిలోలకు చేరింది. 2014లో వారు ఒక వ్యవసాయ క్షేత్రం కొని దానితోపాటు అక్కడికి మారారు. ఎస్తేర్ 2023లో చనిపోయేవరకు వారి దగ్గరే ఉంది. పంది కోసం అందరూ ఇల్లు మారలేరు కదా! అలా మారలేనివారు వదులుకున్న పందులు ఆశ్రయ కేంద్రాలకు, చిన్న కమతాలున్నవారికి చేరుతుంటాయి.

ఈ పొరపాటు ఎలా జరుగుతుందో గమనించండి. వియత్నాం మూలానికి చెందిన పాట్‌బెల్లీడ్ పందులు 1980 దశకంలో ఉత్తర అమెరికాకు వచ్చి పెంపుడు జంతువులుగా పేరు పొందాయి. ఇవి మూడేళ్లు దాటేవరకు ఎదుగుతూనే ఉంటాయి. 50 నుంచి 90 కిలోల బరువు తూగడం మామూలే. అయితే కొన్ని నెలల వయసుకే ఇవి చూలు కట్టగలవు. అమ్మేవారు "తల్లి ఇంతే ఉంది చూడండి" అని చూపించే పంది నిజానికి ఇంకా ఎదగాల్సిన పిల్లే. 'టీకప్' రకమని అమ్మి, కొంచెమే మేత పెట్టమని సలహా ఇచ్చేవారూ ఉన్నారు. దానివల్ల పంది జాతి మారదు, ఆకలితో మాడుతుంది.

మాంసపు పందుల సంగతి వేరు. వాటిని సుమారు ఆరు నెలలకే వధిస్తారు. త్వరగా బరువెక్కేలా ఎంపిక చేసిన జాతులు కనుక, బతికి వయసు మీరితే ఆ బరువు మోయలేక కాళ్ల కీళ్లు దెబ్బతింటాయి. పంది పదిహేనేళ్ల వరకు బతకవచ్చు. కాబట్టి బరువు పెంచే దాణా కాక, శక్తి తక్కువగా ఉండే మేత ఇవ్వాలి. మంచినీరు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. నీరు అందకపోతే ఒంట్లో ఉప్పు పాళ్లు పెరిగి మెదడు దెబ్బతింటుంది.

పంది ముట్టెతో నేలను తవ్వుతుంది. అది దుష్ప్రవర్తన కాదు, మేత వెతుక్కునే సహజ పద్ధతి. పచ్చిక బీడు కొద్ది వారాల్లోనే బురదమడి అవుతుంది కనుక భూమిని భాగాలుగా చేసి మార్చి మార్చి వదలాలి. చెమట పట్టదు కాబట్టి వేసవిలో బురదగుంట, నీడ తప్పనిసరి. చలికాలంలో ఈదురుగాలి తగలని కొట్టం, ఎండుగడ్డి పరుపు కావాలి. పంది మందగా బతికే జంతువు. ఒంటరిగా ఉంచడం తగదు.

చట్టం మాటకొస్తే ఇంగ్లండ్ మంచి ఉదాహరణ. అక్కడ ఒక్క పందిని పెంచినా, ముద్దుకోసమే అయినా, చట్టం దృష్టిలో అది పశుసంపదే. కమతానికి సంఖ్య తీసుకోవాలి, పందిని నమోదు చేయాలి, ఒకచోటి నుంచి మరోచోటికి తరలిస్తే తెలియజేయాలి. వీధిలో నడిపించుకెళ్లాలన్నా అనుమతి పత్రం ఉండాలి. వంటింటి వ్యర్థాలు పెట్టడం నేరం, ఆ ఇంట్లో మాంసం వండకపోయినా సరే! మన పల్లెల్లో పశువులకు కుడితి పోయడం చూసినవారికి ఇది వింతగా తోచవచ్చు. కాని 2001లో బ్రిటన్‌ను కుదిపేసిన గాలికుంటు వ్యాధి నార్తంబర్లాండ్‌లోని ఒక పందుల క్షేత్రంలో, సరిగా ఉడికించని ఎంగిలి కూడు ద్వారా మొదలైందని తేలింది. అరవై లక్షలకు పైగా పశువులను వధించాల్సి వచ్చింది. తోటలో పండిన కూరగాయలను వంటింట్లోకి తేకుండా నేరుగా పెడితే ఆక్షేపణ లేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

రెండెకరాల కమతమున్న ఒకరు రెండు మాంసపు పందులకు ఆశ్రయం ఇవ్వదలిచారు. వాటిని తెచ్చేముందు ఏ ఏర్పాట్లు చేసుకోవాలో కారణాలతో వివరించండి.